పొడి రోజులు

ఒక బకెట్ నీళ్లతో నాలుగు చెడ్డీలు, రెండు గౌన్లు, ఒక బొంత ఉతకాలి. ఉతకగా మిగిలిన నీళ్లతో ఇంట్లో పరిచిన తాడిపత్రి బండలు కడగాలి. కడిగిన నీళ్లు గుడ్డతో ఒత్తి మళ్లీ బకెట్లోకి పట్టి, పెరట్లో మునగచెట్టుకు పోయాలి. కదిరిలో మా వీధికి కొళాయి నాలుగు రోజులకొకసారి వస్తుంది కాబట్టి ఇది పిసినారితనం కాదు, సంసారం. మా ఇంట్లో నీళ్లదీ నాదీ ఒకటే జాతకం. ఒక పని అయిపోయింది, ఇంక మోరీలో పడి హాయిగా పారిపోదాం అనుకునేలోపల ఇంకో పనికి పిలుపొస్తుంది.

ఏప్రిల్‌లో ఒక పొద్దున నేను బొంత పిండుతుంటే మా అత్త తిమ్మమ్మ మంచం మీద కూర్చుని కాఫీ ఊదుకుంటూ అంది: "ఏమ్మే చౌడీ, జూన్ నెల నుంచి నేను బెంగుళూరికి పోతాండా. చిన్నోడు ఫోన్ చేసినాడు. ఆడ మొగపిల్లోన్ని చూసుకునేకి మనిషి ల్యాదంట."

"మరి ఈడ ఆడపిల్లను చూసుకునేకి అత్తా?"

"నువ్వుండావు కదా."

నేను ఉన్నాను. ఆ మాట నిజమే. పొద్దున తొమ్మిదిన్నర నుంచి సాయంత్రం ఏడు దాకా నేను శ్రీరంగప్ప గారి చీరల అంగట్లో ఉంటాను. మిగతా టైమంతా ఇంట్లో ఉంటాను. నేను ఉండనిది ఎక్కడా అని వెతికితే నా దగ్గరే నేను ఉండను.

నా పేరు చౌడేశ్వరి. పెళ్లయిన పదకొండేళ్లు నేను నీళ్లోసుకోలేదు. "పేర్లోనే చౌడు ఉండాది, ఇంగేం పండుతాది" అని మా అత్త వచ్చిన చుట్టాలందరికీ చెప్పేది. వాళ్లు నవ్వేవాళ్లు. నేనూ నవ్వేదాన్ని, ఎందుకంటే మాట బాగుంది. మాటల విషయంలో నేను పక్షపాతం చూపను. నన్ను పొడిచిన మాటైనా సరే, పదునుంటే మెచ్చుకుంటాను. ముప్పై ఎనిమిదో ఏట దీక్షిత పుట్టింది. "చౌట్లో ఏదో ఒకటి మొలిచింది లే" అంది అత్త, అది మగమొలక కాదని తెలిశాక. మా ఆయన జయరాం బోరు మోటార్లకు రాగితీగ చుట్టే పని చేస్తాడు. బోరు ఎండితే రైతు బోరుమంటాడు, మోటారు కాలితే మా ఆయన దగ్గరికి వస్తాడు, మా ఆయన ఆ రైతు కథంతా రాత్రి అన్నం తింటూ చెబితే నాకు బోరు కొడుతుంది. మూడు బోర్ల మీద నడుస్తున్న కాపురం మాది, ఒక్కదాంట్లోనూ నీళ్లు లేవు.

అత్త బెంగుళూరు వార్త విని మా ఆయన అన్నం ముగించాడు. చేయి కడుక్కుని, తువ్వాలు కోసం చూసి, నేను అందించాక అన్నాడు: "అంగడి మానేయమని నేను చెప్పను. నీ ఇష్టం. కాకపోతే పిల్లను ఎవురు చూస్తారో అది నువ్వే ఆలోచించుకో." మా ఆయన ఇచ్చే స్వాతంత్ర్యం ఎప్పుడూ ఇట్లాగే ఉంటుంది. తలుపు తెరిచి, మెట్లు తీసేస్తాడు.

ఆలోచించుకున్నాను. సినిమా హాలు వెనక కొత్తగా ఒక ప్లే స్కూలు తెరిచారు. గోడ మీద ఏనుగు, ఏనుగు మీద కోతి, కోతి చేతిలో ఏ బీ సీ డీ. తొమ్మిది నుంచి పన్నెండున్నర దాకా. అక్కడ నుంచి మా అంగడికి నడిస్తే పది నిమిషాలు. నా మధ్యాహ్నం అన్నం టైములో పోయి తీసుకొచ్చి, సాయంత్రం దాకా అంగడి వెనక గదిలో పడుకోబెట్టుకుంటే సరిపోతుంది. శ్రీరంగప్ప గారిని అడిగాను. మా సావుకారు పెద్దమనిషి. సావుకారు అనే మాటలో సావూ ఉంది, కారూ ఉంది; మాకు మొదటిది, ఆయనకు రెండోది. ఆయన లెక్కల పుస్తకంలోంచి తల ఎత్తకుండా అన్నాడు: "తెచ్చుకో చౌడమ్మా, నేను కాదనను. పిల్ల ఏడ్సకూడదు. చీరలు ముట్టకూడదు. ముఖ్యంగా తడపకూడదు. పట్టు గుడ్డలుండే చోటు." మూడు షరతులు. పెళ్లిలో మూడు ముళ్లకు కూడా నేను ఇంతగా భయపడలేదు.

ప్లే స్కూలు మేడం ఇంకా మర్యాదస్తురాలు. కుర్చీ చూపించింది. నాకు కుర్చీ చూపించే చోటు ఏదైనా గౌరవమే అనిపిస్తుంది, మా అంగట్లో ఆడవాళ్లకు కూర్చునే వీలు లేదు. నిలకడైన ఉద్యోగం అంటారే, అది మాది: తొమ్మిదిన్నర గంటలు నిలబడే ఉంటాం. మేడం ఒక కాగితం ఇచ్చి చదివి వినిపించింది. డైపర్లు వేసి పంపకూడదు. నలభై మంది పిల్లలకు ఒకే ఆయా. పదిన్నరకు అందరినీ లైనుగా బాత్రూముకు తీసుకుపోతుంది. మధ్యలో అడిగితే కష్టం. "ట్యాంకర్ నీళ్లమ్మా మావి, మీకు తెలుసు కదా. ఇంట్లోనే అలవాటు చేసి పంపించండి. మొదటి వారంలో రెండుసార్లు తడిపితే ఆ ఏడాదికి ఇంట్లోనే ఉంచుకోమంటాం."

అడిగి పోవడం, ఆపుకోవడం. మా దీక్షితకు రెండూ తెలియవు. దాని మూడున్నరేళ్ల జీవితంలో అది చేసిన పనులన్నిట్లోకీ స్వేచ్ఛగా చేసిన పని అదొక్కటే. ఆడుతూ ఆడుతూ వాకిట్లో మోరీ పక్కన కూర్చుంటుంది, లేచి పోతుంది. రాత్రి కలలో కూడా మోరీ కనిపిస్తుందేమో, బొంత మీదే కానిచ్చేస్తుంది. నాకు యాభై రోజులున్నాయి. యాభై రోజుల్లో పిల్ల ఆపుకోవడం నేర్చుకోకపోతే బడి లేదు, బడి లేకపోతే అంగడి లేదు, అంగడి లేకపోతే నెలకొకసారి నా చేతికొచ్చే నాలుగు కాగితాలు లేవు, అవి లేకపోతే మా ఆయన తువ్వాలు అందించే మనిషిగా తప్ప నేను ఇంకేమీ కాను. ఒక చిన్న పిల్ల ఉచ్చ మీద ఇంత కట్టడం లేపారని ఆ పిల్లకు తెలియదు.

గోడకు మా అంగడి క్యాలెండర్ ఉంది. పట్టు చీరలో నవ్వే ఆమె, ఆమె కింద తేదీలు. దీక్షిత తడపకుండా గడిచిన రోజు మీద బొట్టుబిళ్ల అంటిస్తానని చెప్పాను. పది బిళ్లలు వరసగా పడితే గాజులు. జిల్లా అంతా మేఘం వైపు చూసి తడి కోసం మొక్కుతుంటే నేనొక్కదాన్ని క్యాలెండర్ వైపు చూసి పొడి కోసం మొక్కుకున్నాను. మొదటి వారం ఒక్క బిళ్లా పడలేదు. గంటకొకసారి కూర్చోబెట్టమని అత్తకు చెప్పి అంగడికి పోయేదాన్ని. సాయంత్రం వచ్చేసరికి తీగ మీద చెడ్డీలు జెండాల్లాగా ఊగుతుండేవి. "దానికి వచ్చేటప్పుడు వస్తాది. నీ గడియారం సూసుకుని వస్తాదా?" అనేది అత్త. ఇప్పుడు అనిపిస్తుంది, మా ఇంట్లో ఆ నెలంతా ఎవరైనా సరైన మాట అన్నారంటే అదొక్కటే.

రెండో వారంలో ఒక పొద్దున దీక్షితకు తల దువ్వుతున్నాను. అప్పటికే రెండు చెడ్డీలు మార్చాను, అంగడికి ఆలస్యమవుతోంది, ఒళ్లు మండుతోంది. "చూడు తల్లీ, మా అంగట్లో నేను ఎట్లా ఉంటానో తెలుసా? పొద్దున నుంచి మధ్యాహ్నం దాకా ఒక్కసారి కూడా పోను" అన్నాను, గొప్పగా.

"నీకు రాదా మా?"

"రాదు. నేను నీళ్లే తాగను కదా. తాగితే కదా వచ్చేది!"

అన్నాను, నవ్వాను, రబ్బరు బ్యాండు వేశాను, మర్చిపోయాను. పిల్లకు చెప్పాలనుకుని చెప్పింది కాదు అది. నేను గొప్పగా చెప్పుకోవడానికి నా దగ్గర ఇంకేమీ లేక చెప్పింది.

అది నాకు దాదాబీ నేర్పిన విద్య. ఆరేళ్ల కిందట నేను అంగట్లో చేరిన మొదటి రోజు, డ్రెస్ మెటీరియల్ కౌంటర్ దాదాబీ నన్ను పక్కకు పిలిచి చెప్పింది: "చౌడమ్మా, పొద్దున నాలుక తడుపుకో, కడుపు తడపొద్దు. మధ్యాన్నం అన్నంలోకి అర గ్లాసు. ఇంటికి పోయినాక కడవెత్తి తాగు. లేకుంటే రామదాసు ముందర నిలబడాల." రామదాసు మా క్యాషియర్. బాత్రూము పైన గోడౌను పక్కన ఉంటుంది, తాళంచెవి ఆయన గల్లాపెట్టె మీద ఉంటుంది. తాళం పోకుండా దాన్ని విరిగిన మీటరు కట్టెకు కట్టారు. అది పట్టుకుని, కొనేవాళ్ల మధ్యలోంచి, మెట్లెక్కి పోవాలి. ఎవరు ఎక్కడికి పోతున్నారో, ఎంతసేపు పోయారో అంగడంతా కొలుచుకోవచ్చు. దానికంటే దాహం నయం. మా అంగట్లో పద్నాలుగు మంది ఆడవాళ్లం. అందరం పొద్దున పెదాలు తడుపుకుని వస్తాం. కొత్తగా చేరిన పిల్లకు చీర మడతపెట్టడం నేర్పే ముందు ఇది నేర్పుతాం. మనం మడతపెట్టేది చీరను మాత్రమే కాదని వాళ్లకు మెల్లగా తెలుస్తుంది.

నేను చెప్పిన మూడో రోజు నుంచి బొట్టుబిళ్లలు పడ్డాయి. ఒకటి, రెండు, ఐదు. నేను ఆశ్చర్యపోయాను. ఆశల మీద నీళ్లు చల్లడం అంటారు కానీ, మా వైపు ఎవరి ఆశల మీదా ఎవరూ నీళ్లు చల్లరు, అన్ని నీళ్లు ఎవరి దగ్గరున్నాయి? పదో బిళ్లకు గాజులు కొన్నాను. పదిహేనో బిళ్లకు మా ఆయన కూడా క్యాలెండర్ ముందు నిలబడి "పర్వాలేదే" అన్నాడు. పిల్లను కాదు, క్యాలెండర్‌ను చూసి. అంగట్లో అందరికీ చెప్పాను. ఎర్ర అంచు చీర విప్పి చూపిస్తూ, కొనడానికొచ్చిన ఆమెకు కూడా చెప్పాను. "మా పాపకు మూడున్నరేండ్లక్కా, పొద్దంతా ఒక్క చుక్క పోనీదు. ఈ చీర రంగు కూడా అంతే, ఒక్క చుక్క పోదు" అన్నాను. ఆమె నవ్వి చీర తీసుకుంది. నా మాటలకు చీరలు అమ్ముడుపోతాయని సావుకారు నన్ను ఉంచుకున్నాడు. ఆ రోజు నా పిల్లను కూడా కలిపి అమ్మానని నాకు తట్టలేదు.

మే నెల చివర్లో పిల్లకు జ్వరం వచ్చింది. మోరీ దగ్గర కూర్చుని ఏడ్చింది, మంట అంది. వేడి చేసిందనుకుని సబ్జా గింజలు నానబెట్టి ఇచ్చాను. మూతి తిప్పుకుంది. మజ్జిగ వద్దంది. లేడీ డాక్టరమ్మ దగ్గరికి తీసుకుపోయాం, నేనూ, మా ఆయనా. పరీక్ష చేయించి చీటీ చూసి ఆమె అడిగింది: "పాప నీళ్లు బాగా తాగుతుందా?"

"శుభ్రంగా తాగుతుంది మేడం" అన్నాను. ఏ తల్లీ లేదని చెప్పదు.

"తాగను" అంది దీక్షిత. ఒళ్లు కాలిపోతున్నా గొంతులో గర్వం తగ్గలేదు. "మా అమ్మ కూడా తాగదు. బడికి, అంగడికి పోయేటోళ్లు తాగకూడదు. అవ్వ ఇచ్చే నీళ్లు నోట్లో పోసుకుని, మోరీ కాడ ఊంచేస్తా."

డాక్టరమ్మ రాసే పెన్ను ఆపి నా వైపు చూసింది. "నీకు ఈ మంట ఎన్నిసార్లు వచ్చిందమ్మా?" అని అడిగింది. నీళ్లు నమిలాను అని రాయాలి ఇక్కడ. నమలడానికైనా నోట్లో తడి ఉండాలి కదా. ఏడాదికి మూడుసార్లు వస్తుందనీ, మందుల అంగట్లో మాత్ర పేరు నాకు కంఠతా వచ్చనీ, అక్కడున్న అతను నన్ను చూడగానే అడక్కుండానే ఇస్తాడనీ ఆమెకు చెప్పలేదు. ఆమె అర్థం చేసుకున్నట్టే తల ఊపి, "దీనికి ఇప్పుడు తగ్గిపోతుంది. అలవాటు పడితే మాత్రం కిడ్నీలకొస్తుంది. నీళ్లు తాపించాల" అంది. చీటీ మా ఆయన చేతికిచ్చింది. ఆయన దాన్ని నా చేతికిచ్చాడు.

బండి మీద ఇంటికొస్తూ ఆయన అన్నాడు: "పిల్లకు ఏం నేర్పించల్లో, ఏం నేర్పించకూడదో తెలియదా నీకు?" ఇంటికి రాగానే అత్త అంది: "పదకొండేండ్లకు ఒక కాయ కాసింది. దానికి నీళ్లు పొయ్యనీకి చేతకాలేదు చూడు." ఆ మాటకు కూడా పదునుంది. కానీ మెచ్చుకునే ఓపిక ఆ రోజు లేకపోయింది. దీక్షిత అని పేరు పెట్టింది నేనే. దీక్ష పట్టింది అదే. నిర్జల దీక్ష. ఎప్పుడైనా ఇట్లాంటి మాట దొరికితే నలుగురికి చెప్పి నవ్వించేదాన్ని. దీన్ని నోట్లోనే ఉంచుకుని, పిల్ల లాగే, ఊసేశాను.

నేర్పినదాన్ని వెనక్కు తీసుకోవడం ఎట్లాగో ఎవరికీ తెలియదు. గ్లాసు పట్టుకుని పిల్ల వెనక తిరిగాను. బతిమాలాను. కొట్టాను కూడా, ఒకసారి. అది ఏడ్చి, ముక్కు తుడుచుకుని, చివరికి ఒక షరతు పెట్టింది. మా అందరికంటే న్యాయమైన షరతు.

"నువ్వు తాగు. నువ్వు తాగితే నేను తాగుతా."

"తాగుతాలే."

"అంగట్లో కూడా. ఇంత బాటిల్."

నీలం రంగు బాటిల్ ఒకటి తెచ్చాను, దానికొకటి గులాబి రంగుది. పొద్దున నేను ఒక గ్లాసు తాగాను. అది చూసి అదీ తాగింది. అంగట్లో పదకొండుకల్లా బాటిల్ సగం చేశాను. ఆరేళ్లలో మొదటిసారి పొద్దునపూట గొంతులో చల్లగా దిగింది. పదకొండుంబావుకు రామదాసు ముందు నిలబడ్డాను. పన్నెండుకు మళ్లీ. మూడింటికి మళ్లీ. "ఏమక్కా, ఆ కట్టెకు కూడా కాళ్లు నొప్పి పుడతాండాయి" అన్నాడు రామదాసు. గల్లా దగ్గరున్న ఇద్దరు మగవాళ్లు నవ్వారు. నేను అందరికంటే గట్టిగా నవ్వాను. "కట్టెకు కాళ్లుంటే అదే పోయొస్తుంది కదన్నా, నాకెందుకు శ్రమ" అన్నాను. మెట్లెక్కుతుంటే కళ్లు మండాయి. నలుగురిని నవ్వించే మనిషికి నొప్పి ఉండదని జనం అనుకుంటారు. అట్లా అనుకోవాలనే మేము నవ్విస్తాం.

మూడో రోజు సావుకారు పిలిచాడు. కోప్పడలేదు. ఆయన ఎప్పుడూ కోప్పడడు, అదే కష్టం.

"చౌడమ్మా, షుగర్ ఏమన్నా వచ్చిందా?"

"లేదు సావుకారు. నీళ్లు తాగుతాండా, అంతే."

"మంచిదే. కానీ సూడు, పెండ్లిళ్ల సీజన్. నువ్వు పైకి పోయొచ్చేలోపల ముహూర్తం చీరకొచ్చినోళ్లు పక్కంగడికి పోతాండారు. పిల్లను తెచ్చుకుంటానంటివి, సరే అంటి. ఇప్పుడు నీళ్లంటాండావు. రెండూ నేను భరించలేను. పిల్లనన్నా తెచ్చుకో, నీళ్లన్నా తాగు."

ఎంత చక్కగా చెప్పాడు! తూకం వేసినట్టు. దాదాబీ తన కౌంటర్ దగ్గర నుంచి వింటూ గుడ్డ మడతపెడుతోంది. తర్వాత నా పక్కకొచ్చి నెమ్మదిగా అంది: "నాకు ముగ్గురు పిల్లలు చౌడమ్మా. వాళ్లకు నేను ఏమని చెప్పినానో అడుగు."

"ఏమని చెప్పినావు?"

"ఏమీ చెప్పల్యా. తాగి వచ్చినా అని చెప్తా. అంతే. అల్లా చూస్తాడు, పిల్లలు చూడరు."

ఆ సాయంత్రం నుంచి నేను కూడా తాగి వచ్చాను. పొద్దున పిల్ల ముందు గ్లాసు పెదాలకు ఆనించి, బాటిల్ నిండా పట్టుకుని, అంగట్లో కౌంటర్ కింద పెట్టి, సాయంత్రం మా వీధి మలుపులో మున్సిపాలిటీ వాళ్లు నాటిన వేపమొక్క దగ్గర ఆగి, ఇనప కంచె లోపలికి మూత తీసి వంచేదాన్ని. పాపం చేస్తున్నట్టు అటూ ఇటూ చూసి. మంచి నీళ్లు, ఫిల్టర్ నీళ్లు, మా ఊళ్లో. ఖాళీ బాటిల్ ఊపుకుంటూ ఇంట్లోకి పోతే దీక్షిత ఎదురొచ్చేది. "తాగినావా మా?" "మొత్తం!" బాటిల్ బోర్లించి చూసేది. అప్పుడు తన గ్లాసు ఎత్తి గటగటా తాగేది. మంట పోయింది, జ్వరం పోయింది. క్యాలెండర్ మీద బిళ్లలు తగ్గలేదు. నీళ్లు తాగినా అడిగి పోవడం వచ్చేసింది దానికి. వేపమొక్క కూడా చిగురేసింది. నా ఒక్కదాని గొంతు ఎండితే ఇంతమంది పచ్చగా ఉంటారంటే అది పెద్ద బేరమేమీ కాదు, ఆడవాళ్లు తరతరాలుగా చేస్తున్న బేరమే అనుకున్నాను. ఆ పది రోజులూ నేను తెలివైనదాన్ని.

జూన్ పదకొండున అత్త బెంగుళూరు బస్సెక్కింది. ఎక్కే ముందు పిల్ల తల నిమిరి, "తడపద్దు మే, మీ యమ్మ పరువు" అంది. నా పరువు ఎక్కడుందో అందరికీ తెలిసింది.

పన్నెండున బడి. కొత్త గౌను, కొత్త సంచి, గులాబి బాటిల్ నిండా నీళ్లు. మా ఆయన మమ్మల్ని బండి మీద దింపి, "భలే పిల్ల, ఏడ్చల్యా చూడు" అన్నాడు, తను నేర్పినట్టు. నిజంగానే ఏడవలేదు. గేటు దగ్గర చాలామంది పిల్లలు తల్లుల కొంగులు పట్టుకుని గోల చేస్తుంటే, మా దీక్షిత బాటిల్ మెడకు తగిలించుకుని, ఉద్యోగానికి పోయే దానిలాగా, వెనక్కు తిరగకుండా పోయింది. అది కనుమరుగయ్యేదాకా గేటు ఊచలు పట్టుకుని నిలబడ్డాను. సంతోషమనుకున్నాను.

పన్నెండున్నరకు పరుగెత్తుకుంటూ పోయాను. ఒంటిగంటకు మళ్లీ కౌంటర్లో ఉండాలి. ఆయా గేటు దగ్గరే పట్టుకుంది. "మీ పాపేనా అమ్మా? బంగారం! నలభై మందిలో పన్నెండు మంది తడిపేసినారు. ఈ పిల్ల ఒకసారి కూడా అడగల్యా. పదిన్నరకు లైన్లో తీసకపోతే కూడా నాకు రాలేదనింది. ఏం పెంపకం అమ్మా!" అంది. పక్కనున్న తల్లులు నన్ను చూశారు. నేను సావుకారు మూడు షరతుల్లో చివరిది, కష్టమైనది గెలిచాను. పిల్లను ఎత్తుకుని బాటిల్ తీసి చూశాను. ఖాళీ. ఒక్క చుక్క లేదు.

"మొత్తం తాగినావా తల్లీ!"

అది నా చెవి దగ్గరికి నోరు తెచ్చింది. ఊపిరి వేడిగా ఉంది, పెదాలు తెల్లగా ఎండి, పొర లేచి ఉన్నాయి. "గోడ కాడ ఒక చెట్టు ఉండాది మా. దానికి పోసినా. ఎవురూ చూడల్యా."

"యాల? ఎందుకు పోసినావు?"

"నువ్వు అంగడి బాటిల్ పోస్తావు కదా. నేను దినామూ కిటికీలో చూస్తాండా. ముందు అట్లా ఇట్లా చూసి పోస్తావు." నవ్వింది. దాని నవ్వులో తప్పు పట్టడం లేదు. నా మీద అలక లేదు. ఒక పని ఎట్లా చేయాలో చూసి నేర్చుకుని, మొదటి రోజే సరిగ్గా చేసి చూపించిన పిల్ల నవ్వు అది. "నేను నాయనకు చెప్పల్యా మా. అవ్వకు కూడా చెప్పల్యా."

రోడ్డు మీద ఎండ కొడుతోంది. ఆటోలు పోతున్నాయి. నా జీవితంలో ఏ మాటకూ తిరుగు మాట దొరక్కపోయింది లేదు. రామదాసుకు ఉంది, అత్తకు ఉంది, సావుకారుకు మనసులోనైనా ఉంది. మూడున్నరేళ్ల పిల్ల నా రహస్యాన్ని తన రహస్యంగా చేసుకుని నా మెడ చుట్టూ చేతులు వేసింది. దీనికి? నీళ్లు తాగాలని చెప్పనా? చెప్పాను. కొట్టనా? కొట్టాను. నేర్పాలని నా నోరు చెప్పిందేదీ దానికి చేరలేదు. నేను నోరు తెరవకుండా చేసిందంతా చేరింది. ఎవరూ చూడకుండా చేసింది కూడా.

ఎదురుగా టీ అంగడి దగ్గర స్టీలు డ్రమ్ము ఉంది. బాటిల్ నింపాను. రోడ్డు పక్కన మెట్టు మీద కూర్చుని దాన్ని ఒళ్లో కూర్చోబెట్టుకున్నాను. గడియారం ఒంటిగంటకు పది తక్కువ చూపిస్తోంది. మూత తీసి బాటిల్ ఎత్తాను. దీక్షిత నన్ను చూసింది. బాటిల్‌ను కాదు, నన్ను. తర్వాత తన చేయి తీసుకొచ్చి నా గొంతు మీద పెట్టింది, గుటక పడుతుందో లేదో చూడటానికి. నా మాట మీద దానికి నమ్మకం పోయిందని ఆ చేతికి తెలుసు, పిల్లకు ఇంకా తెలియదు.

తాగాను. ఒకటి. రెండు. దాని వేళ్ల కింద గొంతు లేచి దిగడం నాకే తెలుస్తోంది. మూడు. దాని పెదాలు కదులుతున్నాయి, లెక్కపెడుతోంది, ఐదు తర్వాత దానికి అంకెలు రావు కాబట్టి మళ్లీ ఒకటి నుంచి మొదలుపెట్టింది. సగం బాటిల్ అయ్యాక చేయి తీసింది. నీళ్లు నా గడ్డం మీదుగా జాకెట్ మీదికి కారాయి. పది నిమిషాల్లో కౌంటర్లో ఉండాలి. ఇంకో అరగంటకు నాకు వస్తుంది, ఆ తర్వాత దానికీ వస్తుంది, రేపూ వస్తుంది, ఎల్లుండీ వస్తుంది. సావుకారు ఏం చేస్తాడో నాకు తెలుసు. మా ఆయన ఏమంటాడో తెలుసు. నేనేం చేయాలో మాత్రం తెలియదు.

బాటిల్ దాని నోటికి అందించి, ఈసారి దాని గొంతు మీద నా చేయి పెట్టాను.

"తాగు తల్లీ" అన్నాను.